ఎనభైల నాటి టీవీ కుస్తీలు: మీరెక్కడ చూశారు, ఏం గుర్తుంది?

పాతక్యాసెట్
2025 జూలై 24న అమెరికా వస్తాదు హల్క్ హోగన్ పోయాడన్న వార్త చూసినప్పటి నుంచి చిన్నప్పటి క్యాసెట్ ఒకటి మనసులో తిరుగుతూనే ఉంది. మాది జగిత్యాల దగ్గర పల్లె. దుబాయ్‌లో కట్టడం పనికి పోయిన మా చిన్నాయన 1989లో సెలవు మీద వస్తూ వీసీఆర్, దాంతోపాటు రెజిల్‌మేనియా 3 అనే అమెరికా కుస్తీ పోటీల క్యాసెట్ తెచ్చాడు. వాకిట్లో టీవీ పెడితే సగం ఊరు వచ్చి కూర్చుంది. కామెంటరీ ఒక్కరికీ అర్థం కాలేదు. అయినా హోగన్ ఆండ్రే ది జెయింట్ అనే భారీ వస్తాదుని పైకెత్తగానే, వయసులో ఉన్నప్పుడు తాలీంలో కుస్తీ పట్టిన మా తాత మంచం మీద నుంచి లేచి నిలబడ్డాడు. ఆయన అలా లేవడం నాకు ఆ మ్యాచ్ కంటే బాగా గుర్తు.

మీలో ఎనభైల కుస్తీలను అప్పుడే టీవీలో చూసినవాళ్లు ఉన్నారా? ఎక్కడ చూశారు? అంత భారీ మనిషిని అంతకుముందు ఎవరూ ఎత్తలేదంటారు, నిజమేనా?

గ్రీన్స్‌బరో85
ముందు మీ ప్రశ్నకు జవాబు. అది నిజం కాదు. 1980లో న్యూయార్క్ షియా స్టేడియంలో ఇదే హోగన్ ఇదే ఆండ్రేని ఎత్తి పడేశాడు. అప్పుడు హోగన్ విలన్. ఆండ్రే పదిహేనేళ్లుగా ఓడలేదన్నది కూడా ఆ కుస్తీలు నడిపే కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ చెప్పిన కథే. మీ క్యాసెట్‌లోని మ్యాచ్ జరిగిన 1987 మార్చి 29న పాంటియాక్ సిల్వర్‌డోమ్ స్టేడియానికి 93,173 మంది వచ్చారని ప్రకటించారు, ఆ లెక్క మీద ఇప్పటికీ వాదన నడుస్తోంది. ఇవన్నీ తెలిశాక కూడా ఆ దృశ్యం చూస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

నేను 1985లో ఎం.ఎస్. చేయడానికి నార్త్ కరోలినా వచ్చాను. ఇక్కడ హోగన్ కాదు, రిక్ ఫ్లెయిర్ రాజు. శనివారం సాయంత్రం ఆరు దాటి అయిదు నిమిషాలకు టీబీఎస్ ఛానెల్లో కుస్తీ మొదలయ్యేది. మా ఇంటి ఓనరు బట్టల మిల్లులో పని చేసేవాడు. నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేవాడు. మొదట్లో నాకు నచ్చలేదు. ప్రతివారం పేరున్న వస్తాదు ఒకడు పేరులేని మనిషిని రెండు నిమిషాల్లో చిత్తు చేసి వెళ్లిపోయేవాడు. ఇందులో పోటీ ఏముంది అనుకునేవాణ్ని. తర్వాత తెలిసింది, టీవీలో చూపించేది ప్రకటన మాత్రమే. అసలు జోడీలు కొట్టుకోవడం చూడాలంటే వాళ్లు మన ఊరికి వచ్చినప్పుడు టికెట్ కొనుక్కుని వెళ్లాలి. ఆ టికెట్ కొనిపించేది మైకు ముందు వాళ్లు చెప్పే మాటలు. అందుకే ఆ కాలంలో నోరున్నవాడే స్టార్.

డస్టీ రోడ్స్ అనే వస్తాదు 1985లో 'హార్డ్ టైమ్స్' అంటూ మాట్లాడిన మూడు నాలుగు నిమిషాలు దొరికితే వినండి. బొద్దు మనిషి, కండలు లేవు. ఖరీదైన సూట్లు, విమానాలు అని గొప్పలు పోయే ఫ్లెయిర్‌కి ఎదురు నిలబడి, కష్టం అంటే నీకేం తెలుసు, పని పోయి పిల్లలకి తిండి పెట్టలేని మిల్లు కార్మికుణ్ని అడుగు అన్న అర్థంలో మాట్లాడాడు. అది వింటున్నంతసేపూ మా ఓనరు కదల్లేదు. కరోలినాలో అప్పటికే మిల్లులు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. ఆ మాటలు ఆయన ఇంట్లోకి వచ్చి మాట్లాడినట్టే ఉన్నాయి.

మా నాన్నగారు పద్యనాటకాల పిచ్చిమనిషి. దుర్యోధనుడు గదతో వచ్చి రాగం తీస్తే జనం వన్స్ మోర్ అని అరిచేవారు, వాడు ఓడిపోతాడని తెలిసి కూడా. ఫ్లెయిర్ మైకు పట్టుకుంటే నాకు అదే గుర్తొచ్చేది.

ఎడిసన్ కుర్రాడు
నేను న్యూజెర్సీలో పెరిగాను. 1984 జనవరి 23న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో హోగన్ ఐరన్ షేక్‌ని ఓడించి ఛాంపియన్ బెల్టు గెలిచినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. అందరూ పండగ చేసుకున్నారు. నేనూ చేసుకున్నాను. కానీ నా అనుభవం కొంచెం వేరు.

ఐరన్ షేక్ ఇరాన్ జెండా పట్టుకుని రింగులోకి వచ్చేవాడు. అమెరికా బందీలు టెహ్రాన్‌లో 444 రోజులు ఉండి విడుదలై అప్పటికి మూడేళ్లే. జనం కోపం ఇంకా పచ్చిగానే ఉంది, కుస్తీ కంపెనీ దాన్ని బాగా వాడుకుంది. సోమవారం స్కూలుకి వెళ్తే నన్ను 'షేక్' అని పిలిచేవారు. మాది గుంటూరు అంటే వినేదెవరు? బస్సులో ఒకడు వెనక నుంచి వచ్చి ఐరన్ షేక్ వేసే పట్టు, క్యామెల్ క్లచ్, పట్టేశాడు, మెడ రెండు రోజులు తిప్పలేకపోయాను. టీచర్‌కి చెబితే పిల్లలు ఆడుకుంటున్నారు అనేసింది. ఇంట్లో చెప్పలేదు, టీవీ ఆపేస్తారని భయం.

పెద్దయ్యాక ఆయన గురించి చదివాను. అసలు పేరు హుస్సేన్ ఖుస్రో వజీరీ. నిజమైన కుస్తీ వీరుడు, అమెరికా వచ్చి అమెచ్యూర్ ఛాంపియన్ అయ్యాడు, 1972 ఒలింపిక్స్ జట్టుకి సహాయ కోచ్‌గా ఉన్నాడు. అంత విద్య ఉన్న మనిషి రోజూ జనంతో ఛీ కొట్టించుకుని బతికాడు. 2023లో ఆయన పోయినప్పుడు నాకు చాలా బాధ వేసింది.

పాతక్యాసెట్
ఎడిసన్ అన్నా, ఇది నేనెప్పుడూ ఆలోచించలేదు. మా ఊళ్లో మాకు అందరూ తెల్లవాళ్లే, అందరూ పహిల్వాన్లే.

శనివారం నాలుగు
అమెరికా గురించే మాట్లాడుతున్నారు, మా ఇంగ్లండ్‌నీ కలుపుకోండి. నేను 1982లో ఎఫ్‌ఆర్‌సీఎస్ అనే సర్జన్ల పరీక్ష కోసం వచ్చి మిడ్‌లాండ్స్‌లో ఒక ఆసుపత్రిలో చేరాను. శనివారం నాలుగింటికి డాక్టర్ల మెస్‌లో ఐటీవీ ఛానెల్ పెట్టేవారు, ఫుట్‌బాల్ ఫలితాలు చెప్పే దాకా కుస్తీ. ఇక్కడ రౌండ్ల పద్ధతి. హంగు లేదు, చిన్న టౌన్‌హాల్, ముందు వరుసలో ముసలమ్మలు. విలన్ తాళ్ల దగ్గరికి వస్తే వాళ్లు హ్యాండ్‌బ్యాగుతో కొట్టేవారు, నేను కళ్లారా చూశాను. బిగ్ డాడీ, జెయింట్ హేస్టాక్స్ పేర్లు ఇంటింటా తెలుసు. నాకు మాత్రం జానీ సెయింట్ ఇష్టం. ఎలాంటి పట్టు వేసినా నీళ్లలా జారిపోయేవాడు. నైట్ డ్యూటీ చేసి వచ్చి, ఇల్లు గుర్తొచ్చి దిగులుగా ఉన్న రోజుల్లో ఆ గంట నాకు పెద్ద ఆసరా. 1988 డిసెంబరులో ఐటీవీ పూర్తిగా ఆపేసింది. నా వార్డులో ఒక పెద్దాయన ఆ మాట చెబుతూ కళ్లు తుడుచుకున్నారు.

ట్రంప్‌కార్డ్
నేను తొంభైల బ్యాచ్. కేబుల్ వచ్చాకే చూశాం, అండర్‌టేకర్, బ్రెట్ హార్ట్, వస్తాదుల బొమ్మలున్న ట్రంప్ కార్డులు. ఎనభైలవి ఈమధ్యే ఇంటర్నెట్‌లో చూస్తున్నాను. పాతక్యాసెట్ అన్నా, మీ క్యాసెట్‌లోనే హోగన్ మ్యాచ్ కంటే గొప్పది ఉంది. రాండీ శావేజ్, రికీ స్టీమ్‌బోట్‌ల మ్యాచ్. శావేజ్ రింగు దగ్గర మోగించే గంటతో స్టీమ్‌బోట్ గొంతు చితక్కొట్టాడన్న కథ నెలల ముందు మొదలుపెట్టారు. ప్రతి కదలికా ముందే రాసుకుని బట్టీ పట్టారట. పావుగంట కూడా ఉండదు, ఊపిరి తీసుకోనివ్వదు.

ఒక డౌట్. అప్పట్లో ఇది నిజమని అందరూ నమ్మేవారా?

గ్రీన్స్‌బరో85
కొందరు నమ్మేవారు, చాలామంది ఆ ప్రశ్న అడిగేవారు కాదు. నాటకం చూస్తూ వీడు నిజం భీముడేనా అని అడుగుతామా? వస్తాదులు మాత్రం రహస్యం గట్టిగా కాపాడేవారు. హీరో, విలన్ ఒకే కారెక్కకూడదు, ఒకే హోటల్లో కలిసి తినకూడదు. చివరికి 1989 ఫిబ్రవరిలో న్యూజెర్సీ సెనేట్ ముందు డబ్ల్యూడబ్ల్యూఎఫ్ వాళ్లే ఇది పోటీ కాదు, వినోదం అని ఒప్పుకున్నారు. క్రీడల కమిషన్ పెత్తనం, పన్ను తప్పించుకోవడానికి. నాకు అది పత్రికలో చదివినప్పుడు కోపం వచ్చింది. ఫలితం ముందే రాసుకున్నారన్నది సరే, దెబ్బలు నిజం కదా. ఆ తరంలో ఎంతమంది చిన్న వయసులో పోయారో లెక్కపెట్టండి.

శనివారం నాలుగు
డాక్టరుగా ఒక మాట. ఆండ్రేది ఆక్రోమెగలీ, గ్రోత్ హార్మోన్ ఎక్కువై ఎముకలు పెరిగే జబ్బు. 1986లో వెన్నుకి ఆపరేషన్ అయింది. సిల్వర్‌డోమ్‌లో దుస్తుల లోపల నడుముకి ఆసరా పట్టీ (బ్రేస్) కట్టుకునే దిగాడు. తనంతట తాను ఒప్పుకుని సహకరించకపోతే హోగన్ కాదు, ఎవరూ ఆయన్ని ఎత్తలేరు. నొప్పి భరిస్తూ ఇంకొకణ్ని గెలిపించాడు. 1993 జనవరిలో పోయాడు, 46 ఏళ్లే.

పాతక్యాసెట్
డాక్టర్ గారూ, మీరు రాసింది చదివి నిన్న ఆ మ్యాచ్ ఫోన్‌లో పెట్టి మా చిన్నాయనకి చూపించాను. ఇరవై రెండేళ్లు దుబాయ్‌లో సిమెంటు బస్తాలు మోశాడు, ఇప్పుడు బెల్టు లేనిదే కూర్చోలేడు. నేనేమీ చెప్పలేదు. ఆండ్రే తాడు పట్టుకుని మెల్లగా రింగులోకి దిగుతుంటే ఫోన్ నా చేతిలోంచి తీసుకుని దగ్గరగా పెట్టుకున్నాడు. "ఈయనకు నడుము పోయిందిరా" అన్నాడు. తర్వాత మ్యాచ్ మొత్తం హోగన్ వైపు చూడనే లేదు.

శావేజ్, స్టీమ్‌బోట్‌ల మ్యాచ్ ఆదివారం పెడతా అని చెప్పాను.