దవడ కింద గడ్డలోని చీము కల్చర్‌లో "ఏమీ పెరగలేదు" అని వస్తే ఏమని అర్థం చేసుకోవాలి?

ప్రశ్న (కోవూరు, నెల్లూరు జిల్లా)

మా నాన్నగారికి అరవై దాటాయి, చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. పిప్పి పన్ను నొప్పితో మొదలై, దవడ కింద నుంచి మెడ వరకు వాపు దిగి, నోరు తెరవడమే కష్టమయింది. మందుల షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్‌తో తగ్గకపోవడంతో నెల్లూరులో ఒక ఆసుపత్రిలో చేర్చాము. గడ్డ కోసి చీము తీశారు, ఇప్పుడు కోలుకుంటున్నారు. అయితే దూది పుల్లతో చీము తీసి కల్చర్‌కు (ల్యాబులో బ్యాక్టీరియాను పెంచి గుర్తించే పరీక్షకు) పంపితే, 48 గంటల తరువాత ఏమీ పెరగలేదని రిపోర్టు వచ్చింది. అంత చీములో బ్యాక్టీరియా లేకపోవడం ఎలా సాధ్యం? ఏ క్రిమో తెలియకుండా ఇస్తున్న మందులు సరైనవేనని ఎలా నమ్మాలి? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం 1 (మైక్రోబయాలజీ విభాగం, ఒంగోలు)

ఆ రిపోర్టుకు చీములో బ్యాక్టీరియా లేదని అర్థం కాదండి. పంపిన నమూనా నుంచి, ఆ పద్ధతిలో, ఆ గడువులోగా ఏదీ పెరగలేదని మాత్రమే అర్థం. పన్ను నుంచి మెడలోకి దిగే ఇన్ఫెక్షన్లలో సాధారణంగా అనేక జాతులు కలిసి ఉంటాయి. నోటిలో సహజంగా నివసించే స్ట్రెప్టోకాకస్‌లు, ముఖ్యంగా ఆంజినోసస్ వర్గానికి చెందినవి, వాటితోపాటు ప్రీవోటెల్లా, ఫ్యూసోబ్యాక్టీరియం, పార్విమోనాస్ వంటి అవాయు (ఆక్సిజన్ లేనిచోట పెరిగే) బ్యాక్టీరియా వీటిలో ప్రధానమైనవి. ఈ అవాయు జాతులు ఆక్సిజన్ తగిలితే బతకలేవు. దూది పుల్లకు అంటిన కొద్దిపాటి చీము ల్యాబుకు చేరేలోపే ఆరిపోతుంది, అందులోని అవాయు బ్యాక్టీరియా చాలావరకు చనిపోతుంది. ఒకవేళ బతికి చేరినా, మామూలు ఇంక్యుబేటరులో పెరగదు. ఆక్సిజన్ తొలగించిన జాడీలో, మొదటి 48 గంటలు మూత తీయకుండా ఉంచి, ఆ తరువాత కూడా 5 నుంచి 7 రోజుల వరకు గమనించాలి. చీము తీయకముందే యాంటీబయాటిక్ వాడి ఉండడం మరొక ముఖ్య కారణం.

సరైన పద్ధతి ఏమిటంటే, గడ్డ కోసేముందే చర్మాన్ని శుభ్రపరిచి, లాలాజలం కలవకుండా సిరంజితో చీము లాగాలి. సిరంజిలోని గాలిని వెళ్లగొట్టి, సూది తీసేసి, మూత బిగించి వెంటనే పంపాలి. ఫ్రిజ్‌లో పెట్టకూడదు. మీ రిపోర్టులో గ్రామ్ స్టెయిన్ (చీముకు రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూసే పరీక్ష) ఫలితం ఉందేమో చూడండి. గంటలోపే అయ్యే ఈ పరీక్షను చాలామంది చిన్నచూపు చూస్తారు, కానీ సూక్ష్మదర్శినిలో బ్యాక్టీరియా కనిపించి కల్చర్‌లో పెరగకపోతే, అది అవాయు బ్యాక్టీరియా కావచ్చనో, మందు ప్రభావం వల్ల పెరగలేదనో వైద్యునికి అప్పుడే ఒక ఆధారం దొరుకుతుంది. ఎక్కువ సదుపాయాలున్న కేంద్రాలలో, పెరగని బ్యాక్టీరియాను కూడా చీములోని 16ఎస్ అనే బ్యాక్టీరియా జన్యువును చదివి గుర్తించగలుగుతున్నారు.

సమాధానం 2 (చెవి, ముక్కు, గొంతు వైద్యుడు)

పై వివరణతో ఏకీభవిస్తున్నాను. చికిత్స విషయం మాత్రం చెబుతాను. ఇటువంటి ఇన్ఫెక్షన్‌లో ఏ బ్యాక్టీరియా ఉండవచ్చో ముందే తెలుసు కాబట్టి, రిపోర్టు కోసం ఆగకుండా మందులు మొదలుపెడతాము. ప్రీవోటెల్లా జాతులు చాలావరకు పెన్సిలిన్‌ను విచ్ఛిన్నం చేసే ఎంజైమును తయారుచేస్తాయి. మధుమేహం ఉన్నవారిలో తరచుగా కనిపించే క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియాపై పెన్సిలిన్ రకానికి చెందిన ఆంపిసిలిన్ సహజంగానే పనిచేయదు. అందువల్ల అటువంటి ఎంజైమును అడ్డుకునే సల్బాక్టమ్ లేదా క్లావులనేట్ కలిసిన మందును గానీ, సెఫ్‌ట్రయాక్సోన్‌కు అవాయు బ్యాక్టీరియాపై పనిచేసే మెట్రోనిడజోల్ జోడించి గానీ ఇస్తారు. ఎంత మంచి మందయినా చీము బయటికి పోకుండా, కారణమైన పన్నుకు వైద్యం జరగకుండా చాలదు. నాలుక పైకి లేచినా, గుటక పడకపోయినా, ఊపిరి ఆడకపోయినా అది ప్రాణాపాయం, క్షణం ఆలస్యం చేయకూడదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. చీము విపరీతమైన దుర్వాసన వచ్చిందని నర్సమ్మ అన్నారు. నాన్నగారు ఈ ఏడు కూడా నాట్ల సమయంలో బురదలో దిగి పనిచేశారు. దానికీ దీనికీ సంబంధం ఉంటుందా?

సమాధానం 3 (మైక్రోబయాలజీ విభాగం, ఒంగోలు)

ఆ దుర్వాసన అవాయు బ్యాక్టీరియాకు బలమైన సూచన, అటువంటి సంగతిని నమూనాతో పంపే కాగితంపై రాయాలి. బురద గురించి అడగడం చాలా మంచిదయింది. వరి పొలాల మట్టిలో, నీటిలో ఉండే బర్ఖోల్డేరియా సూడోమాలై అనే బ్యాక్టీరియా మెలియాయిడోసిస్ అనే జబ్బు కలిగిస్తుంది. షుగర్ ఉన్న రైతులలో ఇది ప్రత్యేకించి అనుమానించవలసిన జబ్బు. మెడలో, లాలాజల గ్రంథులలో కూడా చీముగడ్డలు తెస్తుంది. ఈ బ్యాక్టీరియా మామూలు కల్చర్ ప్లేట్లపైనే పెరిగినా, సూడోమోనాస్ అనే మరో బ్యాక్టీరియా అని పొరబడి వదిలేసే ప్రమాదం ఉంది. జెంటామైసిన్, కొలిస్టిన్ అనే రెండు యాంటీబయాటిక్‌లకూ లొంగని, ఆక్సిడేజ్ అనే ల్యాబు పరీక్షలో పాజిటివ్ అయిన, గ్రామ్ స్టెయిన్‌లో నెగటివ్‌గా వచ్చే బ్యాక్టీరియా కనిపిస్తే ల్యాబు తప్పనిసరిగా దీనిని అనుమానించాలి. ఇదే అయితే సెఫ్టాజిడిమ్ లేదా మెరోపెనెమ్ ఇంజెక్షన్లు కనీసం 10 నుంచి 14 రోజులు, ఆపైన కో-ట్రైమోక్సజోల్ మాత్రలు దాదాపు 3 నెలలు వాడాలి.

పన్నునొప్పితో మొదలై, చీము తీశాక కోలుకుంటున్నారు కనుక మీ నాన్నగారి విషయంలో దంత సంబంధమైనదే అనిపిస్తున్నది. అయినా మళ్లీ జ్వరం వచ్చినా, మరోచోట గడ్డ లేచినా, సిరంజితో తీసిన చీమును, రక్తాన్ని కల్చర్‌కు పంపమని, పొలం పని, షుగర్ సంగతులు ల్యాబుకు ముందుగానే తెలియజేయమని మీ డాక్టరు గారిని అడగండి.