అప్‌డేట్: పైథాన్‌లో ఆర్‌పీవై2 ఇంపోర్ట్ ఎర్రర్, మొత్తానికి తేలింది

ఉబుంటులో ఆర్‌పీవై2 (పైథాన్ నుంచి ఆర్ భాషని వాడుకునే లైబ్రరీ) పిప్‌తో ఎక్కుతుంది కానీ ఇంపోర్ట్ చేయగానే ‘లిబ్ఆర్.ఎస్‌ఓ’ దొరకలేదని చచ్చిపోతుందని అడిగింది నేనే. కావలి దగ్గర రొయ్యల చెరువుల నీటి రీడింగుల ప్రాజెక్టు. సాయం చేసిన అందరికీ థ్యాంక్స్.

‘ఆర్ ఆర్‌హోమ్’ కమాండ్ చూపించే ఫోల్డర్‌లోని లిబ్‌లో ఆ ఫైల్ అసలు ఉందా చూడమన్న అన్న పుణ్యమా అని దొరికింది. లేదు! ల్యాబ్ సిస్టమ్‌లో ఆర్‌ని ఎవరో సోర్స్ నుంచి కంపైల్ చేశారట. కాన్ఫిగర్‌లో ‘ఎనేబుల్-ఆర్-ఎస్‌హెచ్‌లిబ్’ ఇవ్వకపోతే ఆ షేర్డ్ లైబ్రరీ తయారే కాదు. ఆర్ మామూలుగా నడుస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

మేక్ క్లీన్ కొట్టి, ఆ ఆప్షన్‌తో అదే వెర్షన్ మళ్లీ బిల్డ్ చేశా. పాత ఆర్ ప్యాకేజీలు చెక్కుచెదరలేదు. తర్వాత ఆర్‌పీవై2ని ‘నో-క్యాష్-డిర్’ పెట్టి మళ్లీ ఇన్‌స్టాల్ చేశా, లేకపోతే పిప్ తను దాచుకున్న పాత వీల్‌నే (ముందే బిల్డ్ చేసిన ప్యాకేజీనే) తగిలిస్తుంది.

ఆర్_హోమ్ (ఆర్ ఉన్న ఫోల్డర్ దారి) సెట్ చేయడం, పైథాన్ వెర్షన్ మార్చడం, కొత్త వర్చువల్ ఎన్విరాన్‌మెంట్: వీటికీ దీనికీ సంబంధమే లేదు. లేని ఫైల్‌కి దారి చూపిస్తే ఏం లాభం?

సోర్స్ బిల్డ్ అవసరం లేనివాళ్లు ఉబుంటు ప్యాకేజీ మేనేజర్ ఆప్ట్‌లోని ఆర్-బేస్ వేసుకోండి, అందులో ఆ ఫైల్ ఉంటుంది.