సూరత్ సెట్ల లెక్క: షీట్‌లో చీరకో వరుసా, సెట్‌కో వరుసా?

నర్సాపురం_కోడలు
సూరత్ నుంచి చీరలు సెట్లుగా (ఒకే డిజైనులో రకరకాల రంగులు) తెప్పించి, వాట్సాప్ గ్రూపులో విడిగా అమ్ముతున్నాం, నేనూ మా వదినా. శ్రావణ మాసం హడావిడి మొదలయ్యేలోపు పుస్తకం మానేసి గూగుల్ షీట్‌లోకి మారాలని ఉంది. ఒక్కో చీరకు ఒక్కో వరుస రాయాలా, సెట్‌కు ఒకటి చాలా? చీరకొకటి అంటే నెల తిరిగేసరికి వందల్లోకి పోతుందని వదిన భయం.

బెజవాడ_బేల్
సెట్‌కే రాయండి. చీరకో వరుస రాస్తే లేని లాభం కనిపిస్తుంది. రేటు 420, సెట్‌లో 8 రంగులు, 10 సెట్లు తెప్పించారనుకోండి. సరుకు 33,600. దాని మీద 5 శాతం జీఎస్టీ 1,680. మీకు రిజిస్ట్రేషన్ లేకపోతే ఆ పన్ను వెనక్కి రాదు, ఖరీదులో కలపాల్సిందే. లారీ కిరాయి, హమాలీ, పార్శిల్ ఆఫీసు నుంచి ఇంటికి ఆటో అన్నీ కలిపి 1,520 అనుకుందాం. మొత్తం 36,800. అంటే చీర 460 పడింది, 420 కాదు. 550కి అమ్మి 130 మిగిలిందని చాలామంది సంబరపడతారు. మిగిలింది 90.

ఇప్పుడు సెట్ సంగతి. ఖరీదు 3,680. ఆరు రంగులు అమ్ముడుపోతే చేతికొచ్చేది 3,300, ఇంకా 380 రావాలి. ఏడోది పోతే 170 లాభం, ఎనిమిదోది కూడా పోతేనే 720. చీరకో వరుస పెట్టినవాళ్ల షీట్‌లో మాత్రం ఆరు చీరలకే 540 లాభం కనిపిస్తుంది. దాన్ని చూసుకుని మళ్లీ ఆర్డరు పెడతారు. బీరువాలో ప్రతి సెట్ నుంచీ మిగిలిన బూడిద రంగు చీరలు పేరుకుంటూ ఉంటాయి.

కూకట్‌పల్లి_అమ్మాయి
లెక్క తప్పని అనను. కానీ మిగిలింది బూడిద రంగని మీకెలా తెలిసిందండీ? సెట్‌కో వరుస రాస్తే ‘మిగిలినవి 2’ అని మాత్రమే ఉంటుంది. ఎవరు బుక్ చేశారు, డబ్బు పడిందా, కొరియర్ నంబరెంత, దారం లేచిందని వెనక్కి పంపారా, ఇవన్నీ చీరచీరకూ వేరు. గ్రూపులో ఫొటో పెట్టగానే ఒకే మెరూన్ చీరకు ముగ్గురు ‘నాకే’ అంటారు. కోడలు గారి ఇంట్లో ఇద్దరు, రెండు ఫోన్లు. ఒకే చీరను ఇద్దరికి అమ్మేశాక తెలుస్తుంది టెన్షన్ అంటే ఏంటో.

వందల వరుసలని భయమెందుకు? గూగుల్ షీట్‌లో వేల వరుసలు పడతాయి. సెట్ కోడు, డిజైను ఒకసారి టైపు చేసి ఎనిమిది వరుసల్లోనూ కాపీ పేస్ట్ చేస్తే చాలు, రంగు ఒక్కటే రాయాలి. ‘ఉంది, బుక్, డబ్బు పడింది, పంపాం, రిటర్న్’ ఇవి మాత్రం డ్రాప్‌డౌన్‌లో, అంటే జాబితాలోంచి ఎంచుకునేలా, పెట్టండి. చేత్తో రాయనిస్తే ఒకరు పెయిడ్ అంటారు, ఇంకొకరు పేయిడ్ అంటారు, ఫిల్టర్ వేస్తే సగం కనపడవు.

పాత_చిట్టా
ఇంత తతంగం దేనికమ్మా? లాంగ్ నోట్‌బుక్కులో ఎడమ పేజీ వచ్చినవి, కుడి పేజీ పోయినవి. ఎవరి వేలో తగిలి లెక్కంతా చెరిగిపోయే బాధ లేదు.

కూకట్‌పల్లి_అమ్మాయి
చెరిగినా వెర్షన్ హిస్టరీలోకి వెళ్లి పాతది తెచ్చుకోవచ్చు బాబాయ్. పుస్తకం వదిన గారి దగ్గరుంటే, మీకు ఫోన్ చేసిన కస్టమర్‌కు ఏం చెప్తారు?

పాత_చిట్టా
వదినకు ఫోన్ చేసి కనుక్కుంటా!

బెజవాడ_బేల్
సరే, రెండు పేజీలు పెట్టుకోండి. బుకింగ్ పేజీలో చీరకో వరుస, అమ్మాయి గారు చెప్పినట్టే. బిల్లు పేజీలో సెట్‌కో వరుస: బిల్లు నంబరు, ఎల్ఆర్ (లారీ రసీదు) నంబరు, సెట్ ఖరీదు. సెట్ కోడు రెండిట్లోనూ ఒకటే ఉంటే సమ్‌ఇఫ్స్ ఫార్ములాతో (ఆ కోడున్న వరుసలనే కూడుతుంది) వసూలైన డబ్బు బిల్లు పేజీలోకి దానంతటదే వస్తుంది. వసూలు ఖరీదు దాటేవరకు ఆ గడి ఎర్రగా ఉండేలా పెట్టుకోండి. గడి ఎర్రగా ఉన్నంతకాలం ఆ డిజైను మళ్లీ తెప్పించొద్దు. లాభం మాత్రం బిల్లు పేజీలోనే చూడాలి, ఆ మాట మీద నేను మారను.

ఇంకోటి, 16 అంకెల ట్రాకింగ్ నంబరు ఉంటే షీట్‌లో చివరి అంకె సున్నా అయిపోవచ్చు. ముందే ఆ గడులను టెక్స్ట్‌గా మార్చుకోండి.

పన్నుల_పద్దు
బుకింగ్ పేజీలో కస్టమర్ రాష్ట్రం అనే గడి కూడా చేర్చండి. సరుకు అమ్మకాలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి ఆంధ్రలో ఏడాదికి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. మనం అంత అమ్మం కదా అని ధీమాగా ఉంటారు. కానీ పక్క రాష్ట్రానికి అమ్మితే ఈ పరిమితి వర్తించదు, బెంగళూరుకు ఒక్క చీర పంపినా రిజిస్ట్రేషన్ ఉండాలి. కొన్ని హస్తకళా ఉత్పత్తులకు మినహాయింపు ఉంది గానీ సూరత్ మిల్లు చీరకు లేదు. సూరత్ నుంచి కొనడానికి మాత్రం రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

నర్సాపురం_కోడలు
రెండు పేజీల పద్ధతికి వదిన ఒప్పుకుంది, బుకింగ్ పేజీ నా నెత్తిన వేసి. ఒక సెట్‌లో ఆరు పోగా మిగిలిన రెండు చీరలూ ఆషాఢంలో 350 చొప్పున ఇచ్చేద్దామంటే మాత్రం ఒప్పుకోవట్లేదు. 460 పడిన చీర మీద 110 నష్టం కదా అంటోంది.

బెజవాడ_బేల్
చీరకో వరుస చూస్తే అలాగే ఉంటుంది మరి. సెట్ చూడమనండి. 3,300కి ఈ 700 కలిపితే 4,000. ఖరీదు పోను 320 మిగులుతుంది. ఇవ్వకపోతే 380 ఇరుక్కుపోయినట్టే.

కూకట్‌పల్లి_అమ్మాయి
ఇవ్వండి, కానీ ఆ గ్రూపులో పెట్టకండి. అదే డిజైను 550కి కొన్న ఆరుగురూ అందులోనే ఉంటారు. ఎవరు కొన్నారో బుకింగ్ పేజీలో ఉంటుంది కాబట్టి, వాళ్లను వదిలేసి మిగతావాళ్లకు విడిగా ఫొటో పంపండి.

పాత_చిట్టా
వాళ్లు వాళ్లు మాట్లాడుకోరా తల్లీ? అందరికీ ఒకటే రేటు పెట్టి, ఆషాఢం తగ్గింపని గ్రూపులోనే చెప్పేయడం నయం.