నరసాపురం లేసు పనివాళ్లను లెక్కలోకి తెచ్చేదెలా?

భీమవరం చుట్టూ రొయ్యలు, కడియంలో నర్సరీలు, అంబాజీపేటలో కొబ్బరి, నరసాపురంలో లేసు. ఏ మండలంలో ఏ రంగం బలమో తేల్చడానికి, మండల ఉపాధిలో ఆ రంగం వాటాను రాష్ట్ర వాటాతో భాగిస్తున్నాం. 1 దాటితే బలమున్నట్టే.

దీనికి ఆధారం 6వ ఆర్థిక గణన, అంటే సంస్థలు, వాటిలో పనిచేసేవాళ్ల ప్రభుత్వ లెక్క. అందులో పంటల సాగు లేదు, చేపల పెంపకం ఉంది. అంచేత వరి మాయమై, రొయ్య వాటా ఉబ్బిపోతుంది. 2022లో జిల్లాలు విడిపోయాయి గనక కొత్త జిల్లాల లెక్కకు మండలాల అంకెలనే మళ్లీ కూడాలి. ఇవి సర్దుకోవచ్చు.

అసలు చిక్కు లేసు. ఆడవాళ్లు ఇంట్లో తీరిక వేళల్లో క్రోషే సూదితో అల్లుతారు, కూలి ముక్కల లెక్కన. ఫ్యాక్టరీ లెక్కల్లోకి వీళ్లు రారు. దారం ఇచ్చి పని చేయించుకునే ఏజెంట్ల పుస్తకాలు చూస్తే, ఇద్దరి దగ్గర పని తీసుకునే మనిషి రెండుసార్లు పడుతుంది. దారం పంపిణీ బరువు నుంచి పనిదినాలు అంచనా కట్టొచ్చా? డిజైన్‌ను బట్టి సవరణ ఎలా?