డ్రోన్ ప్రోగ్రాం బయటి దేశానికి మెయిల్ చేస్తే అదీ ఎగుమతేనా?

ప్రశ్న (కావలి నుంచి): అన్నలకు, అక్కలకు నమస్కారం. రొయ్యల చెరువుల మీద ఎగిరి నీటి వేడిని కొలిచే డ్రోన్ మీద పీహెచ్‌డీ చేస్తున్నా. థర్మల్ కెమెరా బిగించి అల్లూరు వైపు చెరువుల మీద పరీక్షలు కూడా చేసినాం. విదేశీ యూనివర్సిటీ వాళ్లు కలిసి పేపర్ రాద్దామన్నారు. డ్రోన్ తనంతట తాను దారి పట్టే ప్రోగ్రాం పంపమంటున్నారు. వస్తువేమీ పోవడం లేదు కదా అని నేను. ల్యాబ్‌లో ఒకాయన స్కోమెట్ చూసుకోమన్నాడు. రొయ్యలకూ దానికీ ఏంది సంబంధం?

జవాబు (ఒంగోలు నుంచి): తమ్ముడూ, ఆయన మాట విను. ఇంకా పంపకుంటే ఆగు.

మామూలు పనికీ ఆయుధాలకూ రెండిటికీ పనికొచ్చే, ఎగుమతికి మన ప్రభుత్వ అనుమతి కావాల్సిన వస్తువుల జాబితా స్కోమెట్. పరికరాలే కాదు, వాటి సాఫ్ట్‌వేర్, పరిజ్ఞానం కూడా అందులో ఉంటాయి. విభాగాలు 0 నుంచి 8 దాకా. డ్రోన్లు 5లో, సెన్సార్లు 8లో చూడు. మెయిల్‌లో పంపినా, క్లౌడ్‌లో ఫోల్డర్ తెరిచి ఇచ్చినా లెక్క ఒకటే. చెరువు కోసం చేశావా, పొలం కోసం చేశావా అని జాబితా అడగదు, ఆ యంత్రం ఏమేం చేయగలదో అడుగుతుంది.

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. 25 కిలోమీటర్ల లోపు ఎగిరి, 25 కిలోలకు మించి మోయలేని పౌర డ్రోన్లకు 2023లో డీజీఎఫ్‌టీ (ఎగుమతి అనుమతులిచ్చే కేంద్ర ప్రభుత్వ కార్యాలయం) సాధారణ అనుమతి పద్ధతి తెచ్చింది, అంటే పంపిన ప్రతిసారీ విడిగా అడగక్కర్లేదు. అందులో సాఫ్ట్‌వేర్, పరిజ్ఞానం లేవు. అంటే డ్రోన్ పంపడం కంటే నీ ప్రోగ్రాం పంపడమే ఎక్కువ ఆలోచించాల్సిన పని.

కెమెరా సెకనుకు ఎన్ని ఫ్రేములు తీస్తుందో కూడా చూడు. అంతర్జాతీయ జాబితాల్లో సెకనుకు 9 ఫ్రేములు అనేది ముఖ్యమైన గీత, అది దాటితే ఆంక్షలు ఎక్కువ. అమెరికా సరుకైతే, మన దేశం దాటించేటప్పుడు వాళ్ల నిబంధనలు కూడా వర్తించొచ్చు. కొన్నప్పటి కాగితాలు తీసి చదువు.

ప్రశ్న: అయితే పేపర్ పోయినట్టేనా అన్నా? ఆర్నెల్ల కష్టం.

జవాబు: ఎందుకు పోతుంది? అందరికీ అందుబాటులో ఉన్న సమాచారానికీ, మౌలిక పరిశోధనకూ మినహాయింపు ఉంది. నీటి వేడి పట్టికలు, గ్రాఫులతో రాత మొదలుపెట్టండి. అచ్చుకాని సోర్స్ కోడ్ ఒక్కటే పక్కన పెట్టు. మీ గైడ్‌తో చెప్పి, రిజిస్ట్రార్ ద్వారా డీజీఎఫ్‌టీకి రాయించు. అవతలివాళ్లు ఎవరు, దేనికి వాడతారు, ఎవరి డబ్బుతో చేస్తున్నారు, ఈ మూడూ రాతపూర్వకంగా తెప్పించుకో. వాళ్ల ప్రాజెక్టుకు సైన్యం డబ్బు వస్తుంటే ఆ మాట దాచకుండా రాయి.

కెమెరా మోడల్, డ్రోన్ ఎంత దూరం పోతుందో ఇక్కడ పెట్టు. రాత్రికి జాబితా ముందేసుకుని కలిసి చూద్దాం.