చామంతికి మొగ్గ లేదు, బొంతలో పొరలు జరిగాయి: ఏం చేయాలి?

మల్కాజిగిరి మిద్దె | నవంబరు 4, ఉదయం 7.10

అందరికీ నమస్కారం. రెండు సందేహాలు. ఒకటి మొక్కల సంగతి, రెండోది కుట్టుపని. విడివిడిగా అడగవలసినవే, కానీ రెండూ ఒకే మిద్దె మీద నన్ను ఏడిపిస్తున్నాయి కాబట్టి కలిపే అడుగుతున్నాను.

ఆగస్టులో ఆరు చామంతి మొక్కలు కొని 12 అంగుళాల కుండీల్లో పెట్టాను. ఎర్రమట్టి, పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు సమపాళ్లు. మొక్కలు మోకాలెత్తు పెరిగాయి, ఆకు నిగనిగలాడుతోంది. మొగ్గ మాత్రం ఒక్కటీ లేదు. మా పక్కింటి వదినగారు అదే రోజు, అదే బండి దగ్గర కొన్న మొక్కలకు అప్పుడే బఠాణీ గింజలంత మొగ్గలు. ఆవిడ గుర్తొచ్చినప్పుడు చెంబెడు నీళ్లు పోస్తారు, అంతే. నేను అరటి తొక్కల నీళ్లు, వర్మీకంపోస్టు, ఇంకా ఎవరేది చెబితే అది పోస్తున్నాను.

రెండోది. మా అమ్మాయికి జనవరిలో కాన్పు. మా అమ్మ కట్టిన నేత చీరలు నాలుగు దాచుకున్నాను, వాటితో బొంత కుడుతున్నాను. పైన చదరాలుగా కత్తిరించి అతికిన ముక్కలు, మధ్యలో మడతపెట్టిన చీర, కింద కోరా గుడ్డ. సగం కుట్టేసరికి మధ్య పొర ఒక పక్కకు జరిగి ఉండకట్టింది, కింది గుడ్డ ముడతలు పడింది. రెండుసార్లు విప్పాను. పగలు వీలు కాదు. రాత్రి మిద్దె మీద చల్లగా ఉంటుందని పదిన్నర దాకా అక్కడే కూర్చుని కుడుతున్నాను.

కొత్త కుండీ | నవంబరు 4, ఉదయం 8.25

పొటాష్ తక్కువైనట్టుంది అక్కా. గుప్పెడు బూడిద చల్లండి. ఆకు బాగా పెరిగి పువ్వు రాలేదంటే నత్రజని ఎక్కువైందని అర్థం.

అల్వాల్ పాదు | నవంబరు 4, మధ్యాహ్నం 12.40

బూడిద సంగతి తరువాత. ముందు ఒక మాట చెప్పండి. రాత్రి మీరు కుట్టుకునేది ఏ దీపం కింద? కుండీలు దానికి ఎంత దూరంలో ఉన్నాయి?

మల్కాజిగిరి మిద్దె | నవంబరు 4, మధ్యాహ్నం 1.15

మెట్ల గది గోడకు పెద్ద ఎల్‌ఈడీ దీపం ఉంది. కుండీలు దాని కిందే, గోడ వెంబడి వరుసగా ఉన్నాయి. బట్టలు తీయడానికి ఆరింటికి దీపం వేస్తాను, ఇక కుట్టుపని ముగించి కిందికి దిగేటప్పుడే ఆర్పుతాను. మొక్కలకూ దీపానికీ ఏమిటండీ సంబంధం?

అల్వాల్ పాదు | నవంబరు 4, మధ్యాహ్నం 2.05

సంబంధమంతా దానితోనే. చామంతికి పొడవైన రాత్రి కావాలి. చీకటి ఏకధాటిగా పది పదకొండు గంటలు దాటితేనే అది మొగ్గకు సిద్ధమవుతుంది. మన ఊళ్లో జూన్‌లో పగలు 13 గంటలు దాటుతుంది, డిసెంబరు చివరికి 11 గంటల పైచిలుకుకు తగ్గుతుంది. అందుకే ఎండాకాలమంతా ఆకు పెంచుకుని, పొద్దు తగ్గుతున్న కొద్దీ చామంతి పూతకు వస్తుంది.

ఇప్పుడు మీ మిద్దె లెక్క చూడండి. ఈ రోజుల్లో సాయంత్రం 5.45 ప్రాంతంలో పొద్దు పోతోంది, ఉదయం 6.15 దాటాక తెల్లవారుతోంది. అంటే పన్నెండు గంటలకు మించి చీకటి. మీ మొక్కలకు మాత్రం పదిన్నరకు రాత్రి మొదలవుతోంది. ఎనిమిది గంటలైనా దొరకడం లేదు. పాపం, అవి ఇంకా ఎండాకాలంలోనే ఉన్నామనుకుంటున్నాయి. వదినగారి కుండీలు ఎక్కడున్నాయో అడగండి. నీళ్ల ట్యాంకు వెనకో, దీపం లేని మూలనో ఉండి ఉంటాయి.

పూలు పండించే రైతులు ఇదే కిటుకును తిప్పి వాడతారు. తల్లి మొక్కలు పూతకు రాకుండా ఆకు మీదే ఉండాలంటే రాత్రిపూట తోటలో దీపాలు వేస్తారు. మీరు డబ్బు ఖర్చు లేకుండా అదే పని చేశారు!

లెక్కల మాస్టారు | నవంబరు 4, సాయంత్రం 4.30

ఎల్‌ఈడీ దీపం సూర్యుడా? దాని వెలుగుతో మొక్క ఆహారం తయారు చేసుకోగలదా? నమ్మశక్యంగా లేదు.

అల్వాల్ పాదు | నవంబరు 4, సాయంత్రం 5.20

ఆహారం తయారు చేసుకోవడానికి చాలదు మాస్టారూ, మీ మాట నిజమే. కానీ ఇది ఆహారం సంగతి కాదు, గడియారం సంగతి. ఆకుల్లో ఉండే ఒక వర్ణకం ఎర్రని కాంతిని పసిగడుతుంది. తెల్లని ఎల్‌ఈడీలో ఆ ఎరుపు కూడా ఉంటుంది. పగటి ఎండతో పోలిస్తే ఎంత మసక వెలుగైనా సరే, దగ్గరగా గంటలకొద్దీ పడితే రాత్రి తెగిపోయినట్టే. గులాబీకి, మందారానికి ఈ పట్టింపు లేదు, అవి అన్ని కాలాల్లోనూ పూస్తాయి. మీకు నమ్మకం కలగకపోతే ఒక కుండీని దీపం కిందే ఉంచి చూడమనండి.

మల్కాజిగిరి గారూ, ఈ రోజే కుండీలు జరపండి. పగలు కనీసం ఐదారు గంటలు ఎండ తగలాలి, రాత్రి ఏ వెలుగూ పడకూడదు. ఇప్పుడు చివుళ్లు తుంచవద్దు, ఆ పని సెప్టెంబరుతో అయిపోవాలి. నత్రజని ఎక్కువుండే ఎరువులు ఆపండి, కొత్త కుండీ గారు చెప్పిన దానిలో ఆ ముక్క నిజమే. చీకటి కుదిరాక మూడు నాలుగు వారాల్లో మొగ్గ కనిపిస్తుంది, పువ్వు విచ్చడానికి రకాన్ని బట్టి మొత్తం ఎనిమిది నుంచి పది వారాలు పడుతుంది. సంక్రాంతికి కోసుకోవచ్చు.

కొత్త కుండీ | నవంబరు 4, సాయంత్రం 6.00

కుండీలు జరపడం కష్టమైతే రాత్రి బొంత కప్పేస్తే సరిపోదా?

దబ్బనం | నవంబరు 4, రాత్రి 8.15

ఆ బరువుకు కొమ్మలు విరుగుతాయి నాయనా. బొంత మట్టి కొట్టుకుపోతుంది. మొక్కలను కదపలేకపోతే కుట్టే మనిషే కదలాలి.

బొంత సంగతి నేను చెబుతాను తల్లీ. అరవై ఏళ్లుగా కుడుతున్నాను. పొరలు జరగడానికి కారణం ఒక్కటే, నువ్వు కచ్చా కుట్టు (పొరలు కదలకుండా ముందు వేసి, తరువాత విప్పేసే వదులు కుట్టు) వేయకుండా నేరుగా అసలు కుట్టుకు వెళ్లావు. ఒళ్లో పెట్టుకుని కుట్టేటప్పుడు పై గుడ్డ ఒక దిక్కుకు, కింది గుడ్డ ఇంకొక దిక్కుకు లాగుతాయి. మధ్య పొరకు పట్టు ఉండదు, అది ఎటు వాలితే అటు పోతుంది.

విప్పింది విప్పావు, ఇక ఇలా చెయ్యి. గచ్చు తుడిచి ఆరబెట్టు. కోరా గుడ్డను తిరగేసి పరిచి, ముడత లేకుండా నాలుగు మూలలా ఇటుకలు పెట్టు. గట్టిగా లాగకు, లాగి కుడితే ఇటుకలు తీయగానే ముడుచుకుపోతుంది. దాని మీద చీర మడత, ఆ పైన అతుకుల పొర. పొర వేసినప్పుడల్లా అరచేతితో నడిమి నుంచి అంచులకు నిమరాలి. ఇక పొడవాటి సూదితో, వేరే రంగు దారంతో, నడిమి నుంచి నాలుగు దిక్కులకూ కచ్చా కుట్టు వెయ్యి. వరుసకూ వరుసకూ మధ్య జానెడు మించకూడదు. అసలు కుట్టు కూడా నడిమి నుంచే మొదలుపెట్టు. అంచు నుంచి మొదలుపెడితే గుడ్డంతా లోపలికి తరుముకొచ్చి నడుమ బుడ్డలా లేస్తుంది. నీకు జరిగింది అదే అయి ఉంటుంది.

కోరా గుడ్డ ఉతికావా? అది నీళ్లు తగిలితే కుంచించుకుపోతుంది. ఒక రాత్రి నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే బొంతకు వాడాలి. పాత నేత చీరలకు ఆ భయం లేదు, అవి ఏళ్ల తరబడి ఉతుకుల్లో కుదురుకుని ఉంటాయి. నాలుగింటిలో ఎర్ర చీర ఉందా?

మల్కాజిగిరి మిద్దె | నవంబరు 4, రాత్రి 9.00

ఉందమ్మా. ముదురు ఎరుపు. పెట్టెలోనే ఎక్కువ కాలం ఉంది, పెద్దగా ఉతకలేదు. కోరా గుడ్డ కూడా ఉతకలేదు. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందా?

దబ్బనం | నవంబరు 4, రాత్రి 9.30

అందరూ ఉప్పే అంటారు. రంగు అద్దేటప్పుడు గుడ్డ రంగును పట్టడానికి ఉప్పు పనికొస్తుంది కానీ, వదిలే రంగును అది ఆపలేదు. తెల్ల గుడ్డ తడిపి ఎర్ర ముక్క మీద గట్టిగా రుద్దు. తెల్ల గుడ్డకు ఎరుపు అంటితే ఆ ముక్కలను విడిగా, నీళ్లు తేటగా వచ్చేదాకా ఉతుకు. నాలుగైదు ఉతుకులకూ ఆగకపోతే మీ అమ్మ చీర అయినా సరే, ఈ బొంతలో వద్దు. దిండు గలేబు కుట్టుకో.

ఇంకొక మాట. పసిబిడ్డకు బొంత పలచగా ఉండాలి, మూడు పొరలు చాలు. పగలు నేల మీద, మనిషి కళ్లెదుట పరుపుగా వాడండి. పడుకోబెట్టి పైన కప్పవద్దు, ఏడాది నిండేదాకా వదులు దుప్పటి ఏదీ బిడ్డ దగ్గర ఉంచవద్దని పిల్లల వైద్యులు చెబుతారు. మా కాలంలో మేము కప్పాము. ఇప్పుడు తెలిసింది కాబట్టి చెబుతున్నాను.

లెక్కల మాస్టారు | నవంబరు 5, ఉదయం 6.50

రాత్రే మా మిద్దె చూసి వచ్చాను. దీపం కిందిది మొగ్గ వేయలేదు, అటు మూలది వేసింది. ఒప్పుకుంటున్నాను.

మా ఆవిడ అడగమంటోంది: ఆమెకూ తోట, కుట్టు రెండూ ఇష్టమే. ఏప్రిల్, మే నెలల్లో రెండూ మూలపడతాయి. ఎండకు మొక్కలు మాడిపోతాయి, బొంత ఒళ్లో పెట్టుకుంటే చెమట. ఏడాది పొడవునా ఈ రెండిటినీ నడిపించడం ఎలా?

దబ్బనం | నవంబరు 5, ఉదయం 10.20

రోహిణి కార్తెలో బొంత ఒళ్లో పెట్టుకోమని ఎవరన్నారమ్మా? బొంత పనిని బరువును బట్టి పంచుకోవాలి. ఎండల్లో పాత చీరలు ఉతికి ఆరేయడం, చదరాలు కత్తిరించి పెట్టుకోవడం. ఆ ఎండకు గంటలో ఆరతాయి. వానాకాలంలో ముక్కకు ముక్క అతుకుతాను, అరచేతిలో పట్టే పని అది. పొరలు కలిపి కుట్టే బరువు పని దీపావళి దాటాకే. డిసెంబరులో బొంత కుడుతుంటే కాళ్లు వెచ్చగా ఉంటాయి, అందుకోసమైనా లేవబుద్ధి కాదు. వానల్లో మాత్రం కుట్టిన బొంత ఉతకవద్దు. లోపలి పొర ఆరక ముక్కవాసన వస్తుంది, బూజు పడుతుంది.

అల్వాల్ పాదు | నవంబరు 5, ఉదయం 11.45

మొక్కల వైపు నుంచి నాది కూడా దాదాపు అదే లెక్క. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే టమాటకు పూత రాలుతుంది. మేలో దానితో కుస్తీ పట్టవద్దు. బెండ, గోరుచిక్కుడు, గోంగూర, తోటకూర, బచ్చలి ఎండను ఓర్చుకుంటాయి. 50 శాతం నీడ వల కట్టి, కుండీ మట్టి మీద ఎండుటాకులు పరిచి, నీళ్లు ఉదయం ఏడు లోపే పోయండి. మృగశిర కార్తెకు వంగ, మిరప నారు పోయవచ్చు. వానల్లో అసలు శత్రువు నీరు నిలవడమే, కుండీ అడుగు రంధ్రాలు జూన్‌కు ముందే పుల్లతో పొడిచి చూసుకోండి. పాలకూర, మెంతి, కొత్తిమీర, ముల్లంగి ఇప్పుడు చల్లుకుంటే సరిగ్గా కుదురుతాయి. చలికాలం తోటకు చేతి నిండా పని కాబట్టి మట్టి పని పొద్దున్నే ముగించి, గోళ్లు తోమి కడుక్కుని కుట్టు ముందు కూర్చోమనండి. కోరా గుడ్డ మీద ఎర్రమట్టి మరక అంత సులభంగా పోదు.

మల్కాజిగిరి మిద్దె | డిసెంబరు 3, ఉదయం 8.00

ఆ రోజే కుండీలను ట్యాంకు వెనక్కి జరిపాను. వదినగారివి నిజంగానే అక్కడ ఉన్నాయి! నేను హాల్లోకి మారాను. కోరా గుడ్డ నానబెడితే రెండు అంగుళాలు కుంచించుకుంది, ముందే కుట్టి ఉంటే మొత్తం ముడుచుకుపోయేది. ఎర్ర చీర ఆరో ఉతుకుకు కూడా రంగు వదులుతూనే ఉంది, గలేబు అయింది. నడిమి నుంచి కచ్చా కుట్టు వేశాక పొర వెంట్రుకవాసి కూడా జరగలేదు.

చామంతుల్లో ఐదింటికి మొగ్గలు వచ్చాయి. ఆరోది ట్యాంకు వెనక చోటు చాలక పిట్టగోడ పక్కన పెట్టాను. దానికి ఇంకా ఏమీ లేదు. రాత్రి వెళ్లి చూస్తే వీధి దీపం సరిగ్గా దాని నెత్తి మీదే వెలుగుతోంది. ఇప్పుడే జరిపాను.

అల్వాల్ పాదు | డిసెంబరు 3, ఉదయం 9.10

సంక్రాంతికి ఐదు, శివరాత్రికి ఒకటి.