గ్రూపుల్లో కూర్చోబెడితే క్లాసు చేయి దాటుతోందంటున్నారు. బెత్తం లేకుండా నిలబడేదెట్లా?

గణితం మేడం, దేవరకొండ వైపు:

అందరికీ నమస్కారం. 2024 డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్‌గా వచ్చాను. నల్లగొండ జిల్లాలో, దేవరకొండ వైపు ఒక జడ్పీ హైస్కూల్. ఎనిమిదో తరగతిలో నలభై రెండు మంది, సగానికి పైగా చుట్టుపక్కల తండాల పిల్లలు.

బీఈడీలో, ఆ తర్వాత ఇచ్చిన శిక్షణల్లో మాకు నేర్పింది ఒకటే: పాఠం పిల్లల చుట్టూ తిరగాలి, వాళ్లు మాట్లాడాలి, వాళ్లే కనుక్కోవాలి. బళ్లోకి వచ్చిన దగ్గర్నుంచి వింటున్నది ఇంకొకటి: ముందు క్లాసును కంట్రోల్‌లో పెట్టుకోండి మేడం, పాఠం తర్వాత సంగతి.

మొన్న విలోమానుపాతం, అంటే ఒకటి ఎన్ని రెట్లు పెరిగితే రెండోది అన్ని రెట్లు తగ్గే లెక్క, చెప్తున్నాను. మా పుస్తకం ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు. పిల్లలు ఇంట్లో మాట్లాడేది లంబాడీ. అందుకే పుస్తకం పక్కన పెట్టి బోర్డు మీద సొంత లెక్క రాశాను. ఆరుగురు కూలీలు పది రోజుల్లో ఏరే పత్తిని పదిహేను మంది ఎన్ని రోజుల్లో ఏరుతారు? ఆరేసి మందిని గ్రూపులు చేసి వదిలాను. నాలుగు రోజులు అన్న జవాబు రెండు గ్రూపులు తొందరగానే తెచ్చాయి. ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి మాత్రం ఒప్పుకోలేదు. "మేడం, మొదటి ఏరుడుకు కాయ నిండుగా ఉంటది. మూడో ఏరుడుకు పొద్దందాక వంగినా సంచి నిండదు. మా అవ్వ ఏరినంత నేను ఏరలేను. కిలోల లెక్కన పైసలిచ్చేది అందుకే కదా" అంది. ఆ మాటతో క్లాసంతా అంటుకుంది. సగం లంబాడీలో, సగం తెలుగులో వాదించుకున్నారు. చివరికి వాళ్లే తేల్చారు: అందరూ ఒకే తీరుగా ఏరితేనే ఈ లెక్క నిలబడుతుందని. విలోమానుపాతానికి ప్రాణమే ఆ షరతు. నేను బోర్డు మీద రాసి నోటు చేసుకోమని ఉంటే ఒక్కరికీ పట్టేది కాదు.

సరిగ్గా అప్పుడే పక్క క్లాసు సార్ బెత్తంతో గుమ్మంలో నిలబడ్డారు. నలభై రెండు మంది ఒక్కసారిగా బిగుసుకుపోయారు. ఆ అమ్మాయి తల దించుకుంది, మళ్లీ మాట్లాడలేదు. సార్ మంచివారు. ఆయన సబ్జెక్టులో పిల్లలు పాసవుతారు, సెలవు రోజుల్లో కూడా వచ్చి చెప్తారు. ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు.

నా బాధ వేరు. వెనక బెంచీలో ఇద్దరు అబ్బాయిలు గ్రూపు పని మొదలు పెట్టగానే పక్కవాళ్లను గిల్లుతారు, పెన్నులు లాక్కుంటారు. సార్ ఇచ్చిన హోంవర్కు చేస్తారు, నాది చెయ్యరు. ఎందుకని అడిగితే "సార్ కొడతడు మేడం" అని ఉన్నదున్నట్టు చెప్పారు. నేను కొట్టను. కొట్టదలచుకోలేదు. మరి ఈ పద్ధతిలో టీచర్ మాటకు విలువ ఎక్కడి నుంచి రావాలి? పిల్లలకు చోటివ్వడం, క్లాసు మన చేతిలో ఉండటం రెండూ కుదురుతాయా? చేసి చూసినవాళ్లు చెప్పండి.

సోషల్ సార్, మిర్యాలగూడ:

మేడం, మీ పత్తి లెక్క బాగుంది. కానీ నా అనుభవం వేరు, అది కూడా వినండి.

మన పీరియడ్ నలభై ఐదు నిమిషాలు. అటెండెన్సు, గ్రూపులు సర్దడం, తగువులు తీర్చడం పోగా పాఠానికి మిగిలేది సగం. ఏడాదికి నాలుగు ఎఫ్‌ఏలు (మధ్యమధ్యలో పెట్టే చిన్న పరీక్షలు), రెండు ఎస్‌ఏలు (పెద్ద పరీక్షలు). పోనీ ప్రాజెక్టు పనులైనా పిల్లలు సొంతంగా చేస్తున్నారా అంటే, గైడ్లలో చూసి దించుతారు, మనం మార్కులు వేస్తాం. ఫలితాలు వచ్చిన రోజు మాత్రం అడిగేది టీచర్‌నే. బాధ్యతంతా మన నెత్తిన, అధికారం మాత్రం సున్నా.

ఇంకో మాట. పట్నంలో కార్పొరేట్ బడి పిల్లాడికి క్లాసులో ఒక గంట పోయినా ఇంటి దగ్గర ట్యూషన్ ఉంటుంది, చదివించే అమ్మానాన్నలుంటారు. మన పిల్లలకు ఆ నలభై ఐదు నిమిషాలే ఉన్నాయి. గంట కొట్టగానే లోపలికి రావడం, టీచర్ మాట్లాడుతుంటే వినడం, చెప్పిన పని చెప్పిన రోజు తేవడం, ఇవి పాతకాలపు చాదస్తాలు కావు. పేద పిల్లలకే వీటి అవసరం ఎక్కువ. క్లాసు గోలలో ముందు నష్టపోయేది ఆ గోల చేసేవాడు కాదు, నెమ్మదిగా అర్థం చేసుకునే పిల్ల. ఆ పిల్లను కాపాడటానికే టీచర్‌కు అధికారం కావాలి అంటాను. నేను బెత్తం పట్టను. కానీ సార్ వస్తున్నాడంటే సర్దుకుని కూర్చోవాలి, ఆ భయం ఉండాలి.

రిటైర్డ్ టీచర్, వనపర్తి:

అమ్మా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. మిర్యాలగూడ సార్ మాటలో చాలా నిజముంది. ఆ చివరి భయం ఒక్కటే నేను ఒప్పుకోను.

ఇది కొత్త తగువు కాదు. ఉమ్మడి రాష్ట్రంలో బ్రిటిష్ సాయంతో ఏపీపెప్ అని ప్రాథమిక విద్యా పథకం నడిచింది. 1980ల్లో కొద్ది బడుల్లో మొదలై, 1989 తర్వాత రాష్ట్రమంతా వచ్చింది. ఆరు సూత్రాలు చెప్పేవాళ్లం: కృత్యాలు కల్పించడం, చేస్తూ నేర్చుకోవడం, ఒక్కొక్కరుగా, జట్టుగా, తరగతి మొత్తంగా పని చేయించడం, పిల్లల మధ్య తేడాలను గమనించడం, పరిసరాలను వాడుకోవడం, పిల్లల పనిని గదిలో ప్రదర్శించడం. మా వైపు బడుల్లో బాగా నడిచింది చివరిదే. గోడ నిండా చార్టులు, దారాలకు బొమ్మలు. అధికారి వస్తున్నారంటే ఇంకో నాలుగు వేలాడేసేవాళ్లు. నాలుగో సూత్రం, అంటే ఏ పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో చూడటం, అది మాత్రం జరగలేదు. అది జరగకుండా గ్రూపులు చేస్తే మిగిలేది గోలే. తప్పు పద్ధతిది కాదు, దాని నడుము విరిచి నడిపించాం.

అందుకే మీ ఇద్దరు అబ్బాయిల దగ్గరికి వస్తాను. చాలామంది ఇచ్చే సలహా, అల్లరివాణ్ని లీడర్‌ను చెయ్యమని. చెయ్యకండి. బుద్ధిగా ఉన్న పిల్లలు చూస్తూనే ఉంటారు, అల్లరి చేస్తే పెద్దరికం దొరుకుతుందని నేర్చుకుంటారు. దాని బదులు మధ్యాహ్న భోజనం అయ్యాక ఒక్కొక్కణ్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక భాగహారం ఇవ్వండి. 816ను 4తో భాగించమనండి. జవాబు 24 అని రాస్తే, మధ్యలో సున్నా ఎక్కడ పోయిందో వాడికి తెలియదన్నమాట. నేను చూసిన అల్లరి పిల్లల్లో చాలామంది ఇక్కడే ఆగిపోయినవాళ్లు. నాలుగు, ఐదు తరగతుల లెక్క రానివాడికి విలోమానుపాతం చర్చించమని గ్రూపు ఇస్తే వాడు చేయగలిగింది పక్కవాణ్ని గిల్లడమే. ఆరు నుంచి తొమ్మిది తరగతులకు ఉన్నతి కార్యక్రమం పెట్టింది ఇలాంటి వెనకబాటు కోసమే. రోజూ కాసేపు వాళ్ల లెక్క వాళ్లకివ్వండి.

పిల్లవాణ్ని పక్క క్లాసు బెత్తానికి మాత్రం ఎప్పుడూ అప్పగించకండి. మీ తగువు ఇంకొకరు తీర్చిన రోజే ఆ క్లాసులో మీ మాట పోతుంది.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని 17వ సెక్షన్ శారీరక శిక్షనే కాదు, మానసిక వేధింపును కూడా నిషేధించింది. మీరినవాళ్ల మీద సర్వీసు నిబంధనల ప్రకారం చర్య ఉంటుంది. అంటే గోడకుర్చీ, గుంజీళ్లు ఎంత తప్పో, "తండా వాళ్లకు లెక్కలేం వస్తాయి" అనడమూ అంతే తప్పు. 29వ సెక్షన్ ఇంకా ముందుకు పోయి, పిల్లలకు భయం, ఆందోళన లేని, పిల్లలు కేంద్రంగా ఉండే చదువు కావాలంది. మీ గణితం పుస్తకంలోనే "ఆలోచించి, చర్చించి రాయండి" అని పెట్టెలున్నాయి కదా. చర్చించమని పుస్తకమే చెప్తుంటే నోరు మూయించడం ఏ క్రమశిక్షణ?

ఈ కాలపు బెత్తం ఇంకొకటుంది, దాన్ని కూడా చెప్పాలి. పదో తరగతిలో 20 మార్కులు ఇంటర్నల్, అంటే బడిలో టీచరే వేసేవి, అయినప్పటి నుంచి "నీ ఇంటర్నల్స్ నా చేతిలో ఉన్నాయి" అనే బెదిరింపు విన్నాను. దెబ్బ కనపడదు, కానీ మార్కు మీద నమ్మకం పోతుంది. నోటుబుక్కులో చేసిన పనికి మార్కు ఇవ్వాలి, వంగి దండం పెట్టినందుకు కాదు.

ఇక గ్రూపుకు ఆరుగురు ఎక్కువ. నలుగురు చాలు. ఆరుగురుంటే ఇద్దరు రాస్తారు, ఇద్దరు చూస్తారు, ఇద్దరు ఆడతారు. గ్రూపుకు ఒకటే కాగితం ఇవ్వండి, చివర ఎవరు లేచి చెప్పాలో మీరు చీటీ తీసి చెప్పండి. ఎవరి పేరు వస్తుందో తెలియదు కాబట్టి అందరూ అందరికీ నేర్పక తప్పదు. టైము ముందే చెప్పండి, ఎనిమిది నిమిషాలంటే ఎనిమిదే. పిల్లల చేతికి పని ఇచ్చే టీచర్‌కు పట్టు ఇంకా ఎక్కువ కావాలి అమ్మా. ఊరికే ఉపన్యాసం ఇచ్చేవాడికి అంత తయారీ అక్కర్లేదు.

ఆటో డ్రైవర్, చింతపల్లి మండలం:

నేను టీచర్‌ను కాను. మా బిడ్డ ఎనిమిది, కొడుకు ఆరు సదువుతున్నరు, సర్కారు బడే. మా నాయిన నన్ను బడిల ఏసిన్నాడు "చమ్డాలెక్కదీయుండ్రి సార్, నేనేమన" అని చెప్పిపోయిండు. ఆ సార్ నాయిన మాట నిలబెట్టిండు. ఏడుల లెక్కలు రాలేదని మోకాళ్ల మీద కంకర్ల కూసోబెట్టిండు, నేను మల్ల ఆ బడికి పోలే. కిరాయి లెక్కలు ఇయ్యాల నోటితోనే చేస్త, ఒక్క రూపాయి తప్పు పోదు. గప్పుడు ఎవలన్న నెమ్మదిగ చెప్పుంటే వచ్చేవే.

అయితే మేడం, ఒక్క మాట చెప్త, ఏమనుకోకుండ్రి. మా బిడ్డ నోట్సు తీసి చూస్తే నెలల తరబడి ఎర్రపెన్ను గీత ఉండదు. పిల్ల రాసింది ఎవలు చూడనప్పుడు ఎందుకు రాస్తది? కొట్టకుండ్రి, మంచిదే. కానీ దిద్దుండ్రి. తప్పుకాడ తప్పు అని పెట్టుండ్రి, కింద సంతకం ఏసి తారీకు రాయుండ్రి. దిద్దే టీచర్‌ను పిల్లలు ఊకెనే తీసిపారేయరు. ఇంట్ల మా బిడ్డ ఎవలి పేరు ఎత్తితే ఎట్ల మాట్లాడ్తదో నేను రోజు ఇంటున్న.

కేజీబీవీ (ఆడపిల్లల ప్రభుత్వ హాస్టల్ బడి) టీచర్, కల్వకుర్తి ప్రాంతం:

నియమాలు పిల్లలతోనే రాయించండి మేడం. కానీ ఒక జాగ్రత్త. మా అమ్మాయిలు రాసినవి చూసి నాకే భయమేసింది. ఆలస్యంగా వస్తే రోజంతా నిలబడాలి, మాట్లాడితే పది రూపాయలు జరిమానా! పెద్దవాళ్ల దగ్గర చూసిందే రాస్తారు మరి. "ఈ శిక్ష నీ చెల్లెలికి వేస్తే ఒప్పుకుంటావా?" అని ఒక్కొక్కటీ అడిగి, పైసలు కట్టించేవి, సిగ్గుపరిచేవి కొట్టేయించాను. మిగిలినవి ఐదు. పాడు చేసింది బాగు చేయాలి, గిల్లినవాళ్లు ఆ పూట గ్రూపులో కాకుండా టీచర్ పక్కన పని చేయాలి, ఇలాంటివి. అందులో ఒకటి టీచర్‌కు కూడా ఉంది: దిద్దిన పుస్తకాలు వారంలోగా తిరిగివ్వాలి. అది చూసి మొదట కొంచెం కోపం వచ్చింది. కానీ ఆ నియమం నేను పాటిస్తున్నాను కాబట్టే మిగతా నాలుగూ వాళ్లను అడగగలుగుతున్నాను.

గణితం మేడం, దేవరకొండ వైపు:

అందరికీ ధన్యవాదాలు. చింతపల్లి అన్నా, మీ మాట గట్టిగా తగిలింది. మా స్టాఫ్ రూంలో ఈ సంగతి తప్పకుండా ఎత్తుతాను.

మిర్యాలగూడ సార్, నెమ్మదిగా నేర్చుకునే పిల్లను కాపాడాలి అన్నది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ సార్, బెత్తం గుమ్మంలోకి వచ్చినప్పుడు ముందు నోరు మూసుకున్నది ఆ పత్తి పిల్లే. వెనక బెంచీ వాళ్లకు అది అలవాటే, బెత్తం వెళ్లిపోయిన వెంటనే మళ్లీ మొదలు పెట్టారు. భయం మీరనుకున్న పిల్లను కాపాడదు సార్, ఆ పిల్లనే ముందు ఆపేస్తుంది.

వనపర్తి సార్, 816 లెక్క ఈ రోజే ఇచ్చాను. ఒకబ్బాయి 24 అనే రాశాడు. రెండోవాడు సరిగ్గా చేశాడు, అంటే వాడి సంగతి వేరే ఏదో ఉంది, కనుక్కోవాలి. నలుగురేసి గ్రూపులు సోమవారం నుంచి పెడతాను, మిగిలే ఇద్దరిని జంటగా వేస్తాను. ఒక్కటి చెప్పండి సార్. ఎనిమిది నిమిషాలయ్యాక అంతమందిని మళ్లీ బోర్డు వైపు తిప్పేదెట్లా? నేను అరిస్తే వాళ్లు ఇంకా గట్టిగా మాట్లాడతారు.

రిటైర్డ్ టీచర్, వనపర్తి:

అరవకండి అమ్మా. బోర్డు దగ్గర ఎప్పుడూ ఒకే చోట నిలబడి చెయ్యి ఎత్తండి. చూసినవాళ్లు చెయ్యి ఎత్తి మాట ఆపాలి, పక్కవాళ్లకు సైగ చేయాలి. దీన్ని పాఠం లేకుండా ముందు ఆటలా నేర్పండి. అందరూ ఆగేదాకా నోరు తెరవొద్దు, ఒక్కరు మాట్లాడుతున్నా ఆగండి. మొదట్లో చాలాసేపు పడుతుంది, కాళ్లు నొప్పి పుడతాయి, పక్క క్లాసు సార్ మళ్లీ తొంగి చూస్తారు. చూస్తే లోపలికి పిలిచి, చీటీ ఆయన చేతే తీయించండి. ఆ రెండో అబ్బాయి ఇల్లు ఏ తండానో, పొద్దున ఎప్పుడు బయల్దేరతాడో అడిగి ఇక్కడ రాయండి, అప్పుడు మాట్లాడుకుందాం.